ఖాళీగా వదిలిన మూడో గడి

ఇంటికి చుట్టం వచ్చిన రోజున మా అక్కా నేనూ నెయ్యి వద్దనేవాళ్ళం. అలా అనాలని అమ్మ ముందే చెప్పి ఉంచేది. పక్కింటి నుంచి చిన్న గిన్నెలో తెచ్చిన నెయ్యి చుట్టం విస్తరి వరకే సరిపోయేది. అయినా అమ్మ ఆ గిన్నె పట్టుకుని మా దగ్గరికి కూడా వచ్చేది. వంగి, "వేయనా?" అని అడిగేది. మేము తల తిప్పుకుని "మాకిష్టం ఉండదు" అనేవాళ్ళం. చుట్టం నోరు తెరిచి, "పిల్లలు నెయ్యి తినరేంటండీ" అంటే, "ఏం చెయ్యమంటారండి, పుట్టినప్పటి నుంచీ అంతే" అనేది అమ్మ. గిన్నె ఇచ్చిన పక్కింటావిడ అదే సమయానికి వచ్చి అరుగు మీద కూర్చున్నా, ఆ గిన్నె వంక చూసేది కాదు. మా వైపు దీన్ని ఎవరూ అబద్ధం అనరు. వచ్చినవాళ్ళకు లోటు కనిపించకూడదు, అంతే.

ఆ అలవాటు వల్ల ఒక సైనిక క్యాంపుకు రావలసింది రాకుండా పోయేది. ఆ తప్పులో నా చేతిరాత కూడా ఉంది కాబట్టి నేనే చెప్పాలి.

రాజమండ్రి దాటి ఏటిగట్టు వెంట కిందికి వెళ్తే, గట్టుకు ఇవతల ఆ క్యాంపు ఉంటుంది. సైన్యం వాళ్ళు గోదావరిలో పడవలు నడపడం నేర్చుకునే చోటు అది. వరదలొస్తే ఏటి మధ్య లంకల్లో చిక్కుకున్న జనాన్ని ఇవతలికి తెచ్చేది కూడా వాళ్ళే. రెండు పొడుగాటి బ్యారక్‌లు, పడవలు పెట్టే రేకుల షెడ్డు, నీళ్ళ ట్యాంకు, వంటశాల. వంటశాలను వాళ్ళు లంగరు అంటారు. మా ఆయన పోయిన ఏడాది నేను ఆ లంగరులో కూరలు తరగడానికి చేరాను. తర్వాత బియ్యం కడగడం, గంజి వార్చడం కూడా నా పనే అయింది. వాళ్ళకు రొట్టెలెన్ని ఉన్నా, మా గోదావరి నీళ్ళు తాగిన నెల రోజులకు అందరూ అన్నం దగ్గరికే వచ్చేవారు.

నాకు అక్షరాలు వచ్చింది కూడా ఆ లంగరులోనే. స్టోరు చూసే హవల్దారుది మండపేట. మా ఊరి వరసలేవీ కలవకపోయినా నన్ను పిన్నిగారూ అనేవాడు. ఒకరోజు విసుగొచ్చి, "పంచదార డబ్బా ఏదని రోజుకు నాలుగుసార్లు అడుగుతున్నారు పిన్నిగారూ. నేను సెలవు మీద వెళ్తే పాయసంలో ఉప్పు పోసేసేలా ఉన్నారు" అన్నాడు. మర్నాడు చూస్తే ప్రతి డబ్బా మీదా తెల్ల కాగితం, దాని మీద నల్ల సిరాతో పేరు. నాకప్పటికి యాభై రెండేళ్ళు. ముందు కాగితం వంక చూసి ఇది ఫలానా అనుకోవడం, తర్వాత మూత తీసి సరిపోయిందా లేదా చూసుకోవడం. ఉప్పు, పప్పు రెండింటికీ చివర ఒకటే ఆకారం ఉందని కనిపెట్టిన రోజున నేను కూరగాయల బుట్ట పక్కన పెట్టి కాసేపు ఊరికే కూర్చున్నాను. రెండేళ్ళకు, ఆ రోజు వంట ఏమిటో లంగరు బయట నల్లబల్ల మీద నేనే రాయడం మొదలుపెట్టాను.

క్యాంపు పెద్ద సుబేదారు గారు. ఎక్కడో ఉత్తరాన కొండల మనిషి. తెలుగు వింటే అర్థమవుతుంది, మాట్లాడితే మనకు నవ్వొస్తుంది, చదవడం అసలు రాదు. అయినా రోజూ పొద్దున్న నా నల్లబల్ల ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, పైనుంచి కిందిదాకా చూసి, "ఏం రాశావు తెలీదు అమ్మా. బాగా రాశావు" అనేవారు. ఆయన తిన్న కంచం ఆయనే కడుక్కునేవారు. నేను వద్దంటే, "మా అమ్మ చూస్తే కొడుతుంది" అనేవారు. ఆవిడ పోయి ఎన్నో ఏళ్ళయింది.

ఆయనకు ఇంకా నాలుగు నెలల సర్వీసు ఉందనగా, మే నెలలో పైనుంచి కాగితం వచ్చింది. క్యాంపులో ఏమేం ఉండాలి, ఏమేం ఉన్నాయి, ఏమేం లేవు చూడడానికి ఒక ఆఫీసరు వస్తున్నారని. ఆ కాగితంలో మావాళ్ళకు 'వస్తున్నారు' అన్నదొక్కటే కనిపించింది.

ఇంక చూడండి. రాళ్ళకు సున్నం, చెట్ల మొదళ్ళకు సున్నం. మా జనరేటరు రెండు గంటలు నడిస్తే దగ్గి పడుకునేది. "మీరేం కంగారు పడకండి సార్. మా బావగారి మిల్లులో జనరేటరుంది, రెండు రోజులు పంపిస్తారు" అన్నాడు హవల్దారు. మండపేట నుంచి లారీలో అది దిగింది. నీళ్ళ ట్యాంకు అడుగున పగులుంది. ఆ పొద్దున్నే ట్యాంకరు తెప్పించి నింపేశారు. లంగరులో ఆరు పొయ్యిలకు రెండు వెలగవు. టెంటుహౌసు వాళ్ళవి రెండు తెచ్చి వాటి స్థానంలో పెట్టాం. పడవల షెడ్డు నుంచి గట్టు ఎక్కి ఏటిలోకి దిగే దారి ఒకటుంది. దాని మీద నాలుగు ట్రాక్టర్ల గ్రావెల్ పోయించి రోలరు తిప్పించారు. మే నెల ఎండలో అది ఏ టౌనులో రోడ్డుకూ తీసిపోనట్టుంది. నేను తక్కువ తిన్నానా? ఆత్రేయపురంలో మా తోడికోడలి పుట్టింటి వాళ్ళకు చెప్పి పూతరేకులు తెప్పించాను. గట్టు కింద రైతు గారింటి నుంచి నెయ్యి తెచ్చాను. నెయ్యి కొంచెమే ఉంది. జవాన్లందరినీ వరసగా నిలబెట్టి, "నేను వేయబోతాను, మీరు వద్దనాలి" అని చెప్పాను. వాళ్ళలో పంజాబు వాళ్ళున్నారు. నెయ్యి వద్దనడం వాళ్ళ వంశంలో లేదు. అయినా సరేనన్నారు.

వచ్చిన ఆఫీసరు ఆడపిల్ల. ముప్పై దాటి ఉంటాయేమో. ఇంజినీరు. తెలుగమ్మాయే కానీ మా జిల్లా కాదు. మెళ్ళో టేపు వేసుకుని, చెట్ల సున్నం వంక కూడా చూడకుండా గబగబా నడిచేసింది. ఒక్కో విభాగానికి ఒక్కో కాగితం ఇచ్చింది. కాగితం మీద మూడు గళ్ళు. ఉండాల్సింది, ఉన్నది, లేనిది. లంగరు దగ్గరికి వచ్చి నల్లబల్ల చూసి, "ఎవరిదండీ ఈ రాత?" అంది. హవల్దారు నన్ను చూపించాడు. "అయితే మీ కాగితం మీరే నింపండి. తెలుగులోనే రాయండి" అని నా చేతికిచ్చింది.

నా పేరు సంతకం చేసిన కాగితాలు కొన్ని ఉన్నాయి కానీ, ప్రభుత్వం నన్ను అడిగి రాయించుకున్న కాగితం అదే మొదటిది. బల్ల తుడిచి, చెయ్యి తుడుచుకుని, ఎంతో కుదురుగా రాశాను. పొయ్యిలు ఉండాల్సింది ఆరు, ఉన్నవి ఆరు. అన్నం వండే గుండిగలు ఉండాల్సింది ఎనిమిది, ఉన్నవి ఎనిమిది. మూడో గడిలో ఏమీ రాయలేదు. ఖాళీగా, తెల్లగా, కడిగిన అరుగులా ఉంది. చూసి మురిసిపోయాను.

భోజనాల దగ్గర నేనే వడ్డించాను. మేడమ్ గారికి నెయ్యి వేశాను. తర్వాత వరసలోకి వెళ్ళాను. మొదటి జవాను వద్దన్నాడు. రెండోవాడు వద్దన్నాడు. అలా చివరిదాకా. ఆవిడ కలిపిన ముద్ద చేతిలో పట్టుకుని వాళ్ళ వంక ఒకసారి చూసింది. నా వంక ఒకసారి చూసింది. మిగతా విభాగాల కాగితాలు కూడా నింపి ఉంచమని, మర్నాడు పొద్దున్న వచ్చి సంతకాలతో తీసుకెళ్తానని చెప్పి రాజమండ్రి వెళ్ళిపోయింది.

పొద్దు వాలాక హవల్దారు టీ గ్లాసు పట్టుకుని లంగరు గుమ్మంలో కూర్చున్నాడు. మహా హుషారుగా ఉన్నాడు.

"అదరగొట్టేశాం పిన్నిగారూ. అన్ని కాగితాల్లోనూ మూడో గడి ఖాళీయే. ఇంక కొన్నేళ్ళ దాకా మన వంక ఎవరూ చూడరు."

"చూడకపోతే మంచిదేగా?"

"మంచిదేనండి. కాకపోతే ఇంక కొత్తవేవీ రావు. ఆ గడిలో ఏది రాస్తే అది ఇస్తారు. రాయకపోతే అది ఉన్నట్టే."

"దారి సంగతేంటి? ఏటిలోకి దిగే దారి?"

"అది నా కాగితంలో ఉందండి. ఉండాల్సింది ఒకటి, ఉన్నది ఒకటి."

"అది దారేనంటావా?"

అతను టీ ఊదుకుంటూ, "ఇవాళ్టికి దారేగా" అన్నాడు. తర్వాత నా ముఖం చూసి గ్లాసు కింద పెట్టాడు.

అతనికీ గుర్తుంది. రెండేళ్ళ కిందట ఆగస్టులో వరదొచ్చినప్పుడు ఆ దారిలో అతనూ దిగాడు. మా అక్కది ఏటికి అవతలున్న లంక. ఆ పొద్దున్న నీళ్ళు ఇంట్లోకి వస్తే దూడను పట్టుకుని డాబా ఎక్కింది. నాకు ఫోను చేసి, "పడవలెప్పుడొస్తాయే?" అంది. అప్పుడే నేను మొదటి గుండిగకు ఎసరు పెడుతున్నాను. షెడ్డు తలుపులు తీయడం నాకు కనిపిస్తూనే ఉంది. "బయల్దేరుతున్నారక్కా" అన్నాను. పడవను ఎక్కించిన బండి గట్టు దాటి పది గజాలు దిగిందో లేదో, చక్రాలు ఇరుసు దాకా బురదలో కూరుకుపోయాయి. వెనక్కీ రాదు, ముందుకీ పోదు. ఆఖరికి పడవలు దింపి పదహారేసి మంది భుజాల మీద ఎత్తుకున్నారు. మోకాలి లోతు బురద. ఒకడు జారితే అందరూ ఆగాలి. సుబేదారు గారు కూడా భుజం పెట్టారు. ఆయన కుడికాలి బూటు ఆ బురదలోనే ఉండిపోయింది. అక్క మళ్ళీ మళ్ళీ ఫోను చేసింది. నేను అదే మాట చెప్పాను. తర్వాత ఫోను రావడం ఆగిపోయింది. మొదటి గుండిగ వార్చాను, రెండోది వార్చాను, మూడోది పొయ్యి మీద ఉండగా పడవ నీళ్ళను తాకింది. సాయంత్రానికి అక్క వచ్చింది, ఒళ్ళో దూడ, తలనుంచి నీళ్ళు. గట్టెక్కుతూనే, "పొద్దున్న బయల్దేరిన పడవ కాశీకి పోయి వచ్చిందా?" అని నన్ను తిట్టింది. తర్వాత ఆఖరున ఫోను ఎందుకు చేయలేకపోయిందో చెప్పింది. చార్జింగు ఉందట. దూడ జారిపోకుండా రెండు చేతులా పట్టుకుని ఉండాల్సి వచ్చిందట.

మళ్ళీ ఆగస్టు మూడు నెలల్లో ఉంది. మా మూడో గడి ఖాళీగా ఉంది.

నేను దాచింది నెయ్యి గిన్నె సంగతి అనుకున్నాను. నిజానికి అక్క ఎక్కవలసిన పడవ దారిని దాచాం. ఇది తెలిశాక ఊరుకోవడం కుదరదు. అయితే ఇంకో సంగతి కూడా ఉంది. సుబేదారు గారికి ఇదే ఆఖరి తనిఖీ. నేను వెళ్ళి మేడమ్ గారికి చెప్తే ఆయన పరువేం కాను? ఆయనకు చెప్పకుండా చేయకూడదనుకున్నాను. మర్నాడు తెల్లవారగానే కొత్త కాగితం తీసి రాశాను. లంగరు సంగతులు అయ్యాక కాగితం తిప్పి వెనక వైపు కూడా రాశాను.

ఆయన టీకి వచ్చి నల్లబల్ల ముందు నిలబడ్డారు. బల్ల మీద ఏమీ లేదు.

"ఇవాళ వంట లేదా అమ్మా?"

"ఉందండి. ముందు ఇది వినాలండి" అని కాగితం తీశాను.

ఎవరి ముందైనా పైకి చదవడం నాకదే మొదలు. ఒక్కో మాటా వేలు పెట్టి చదివాను. మన పొయ్యిలు నాలుగే, రెండు టెంటుహౌసువి. నీళ్ళ ట్యాంకు పగిలింది, నిన్న నింపినవి రాత్రికి సగం కారిపోయాయి. జనరేటరు మండపేట మిల్లుది. షెడ్డు నుంచి ఏటికి దారి లేదు, గ్రావెల్ ఉంది, వానొస్తే అదీ ఉండదు. వరదలో పడవ నీళ్ళకు చేరడానికి చాలాసేపు పట్టింది, అవతల మనుషులు డాబాల మీద ఉన్నారు. మధ్యలో జవాన్లు ఒక్కొక్కరే వచ్చి గ్లాసులు పట్టుకుని నిలబడ్డారు.

సుబేదారు గారు టీ గ్లాసు పక్కన పెట్టేశారు.

"అమ్మా, నాది ముప్పై సంవత్సరం సర్వీసు. ఒక్క పేపరు మీద 'లేదు' అని లేదు."

"ఆయ్. తెలుసండి."

"ఇది లాస్టు."

"అదీ తెలుసండి. అందుకే ముందు మీకు చదివానండి. మీరు వద్దంటే..." అన్నాను కానీ, వద్దంటే ఏం చేస్తానో నాకు తెలియదు.

ఆయన కాగితం తీసుకుని, తనకు చదవడం వచ్చినట్టే పైనుంచి కిందిదాకా చూశారు. "నా బూటు రాశావా?"

"ఏ బూటండి?"

"బురదలో పోయింది. కుడికాలు. రాయి. ఒక బూటు లేదు."

జవాన్లు నవ్వారు. ఆయన నవ్వలేదు కానీ టీ తాగారు. తర్వాత హవల్దారును పిలిచి జనరేటరు వెనక్కి పంపేయమన్నారు.

"ఇప్పుడేనా సార్? వాళ్ళు రేపటిదాకా ఉంచుకోమన్నారు. ఇవాళే పంపేస్తే వాళ్ళదేదో బాగాలేదనుకుంటారు" అన్నాడు హవల్దారు.

ఆ బాధ నాకర్థమైంది. అరువు తెచ్చిన గిన్నెను ఉత్తగా ఇవ్వకూడదు కదా. మిగిలిన పూతరేకుల పెట్టె కట్టి, జనరేటరుతో పాటు లారీలో పెట్టి పంపించాం.

మేడమ్ గారు వచ్చేసరికి టెంటుహౌసు పొయ్యిలు గుమ్మం బయట ఉన్నాయి. సుబేదారు గారే ఎదురెళ్ళి నా కాగితం ఇచ్చారు. ఆవిడ ముందు వైపు చదివింది, తిప్పి వెనక వైపు చదివింది. బూటు దగ్గర ఆగి ఆయన కాళ్ళ వంక చూసింది.

"నిన్న భోజనాల దగ్గరే అనుకున్నానండి" అంది నాతో. "ఇంతమంది జవాన్లలో ఒక్కడికి కూడా నెయ్యి ఇష్టం ఉండదా? మా అమ్మమ్మ కూడా మాతో ఇలాగే అనిపించేది. ఇవాళ ఆ దారి తవ్వి చూద్దామనే వచ్చాను."

తవ్వక్కర్లేకపోయింది. ట్యాంకరు ఇంకా అక్కడే ఉంది, అడుగున నీళ్ళున్నాయి. ఆవిడ దాన్ని గట్టు మీదికి తెప్పించి దారి మీద నీళ్ళు వదలమంది. పడవను ఎక్కించిన బండిని కిందికి నడపమంది. మే నెల, చుక్క వాన లేదు. అయినా పది గజాలకే చక్రం గ్రావెల్లోంచి మెత్తగా కిందికి దిగిపోయింది. అందరూ నిలబడి చూస్తున్నారు. మేడమ్ గారు చెప్పులు విప్పి బురదలో దిగి, టేపు పెట్టి ఎంత లోతు దిగిందో కొలిచింది.

"వరద రోజున పడవ దిగడానికి ఎంతసేపు పట్టింది?" అని అడిగింది. ఎవరూ చెప్పలేకపోయారు. భుజం మీద పడవ ఉన్నవాడు గడియారం చూడడు.

"రెండు గుండిగల అన్నం వార్చానండి. మూడోది పొయ్యి మీద ఉంది" అన్నాను నేను.

మా హవల్దారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఆవిడ మాత్రం నవ్వలేదు. "ఒక్కో గుండిగకు ఎంత బియ్యం? పొయ్యిలు ఎన్ని వెలిగాయి?" అని అడిగి, నేను చెప్పిందంతా రాసుకుని, మూడో గడిలో తన చేత్తో చాలాసేపు రాసింది. చివర సంతకం సుబేదారు గారు పెట్టారు. పెన్ను ఇచ్చేస్తూ, "బూటు?" అన్నారు. "రాశాను సార్" అంది ఆవిడ.

ఆయన ఆ సెప్టెంబరులో వెళ్ళిపోయారు. ఆ ఏడాది వరద పెద్దగా రాలేదు, అది మా అదృష్టం. వెళ్ళే రోజున తన కంచం కడిగి నాకిచ్చారు. ఇప్పుడు నేను అందులోనే తింటున్నాను. మరుసటి వేసవిలో సిమెంటు, ఇనుము, మనుషులు వచ్చారు. షెడ్డు గుమ్మం నుంచి గట్టు మీదుగా ఏటి లోపలిదాకా వాలుగా సిమెంటు దారి కట్టారు. కొత్త పొయ్యిలు రెండొచ్చాయి. ట్యాంకు పగులు మాత్రం ఇంకా అలాగే ఉంది. అడిగితే అది వేరే కాగితమట.

ఆగస్టులో గోదావరి మళ్ళీ పెరిగింది. పొద్దున్నే అక్క ఫోను. "డాబా ఎక్కానే. పడవలెప్పుడొస్తాయి?"

నేను గుండిగకు ఎసరు పెట్టి మంట పెంచుతున్నాను. షెడ్డు తలుపులు తీసిన చప్పుడైంది. బండి చక్రాలు సిమెంటు మీద గరగరమని కిందికి దిగాయి. ఎసరు ఇంకా అంచులకు చిన్న చిన్న బుడగలు కడుతోంది. గట్టు అవతల ఇంజను అందుకుంది.

"ఇటు చూస్తూ ఉండక్కా" అన్నాను.

బియ్యం పోసి మూత పెట్టానో లేదో గుమ్మంలో అలికిడైంది. అక్క, చంకలో గుడ్డల మూట, వెనక తాడుతో ఆవు. అప్పటి దూడే, ఎదిగింది. చీర అంచు తప్ప ఎక్కడా తడవలేదు. లోపలికి వచ్చి పీట లాక్కుని కూర్చుని, పొయ్యి వంక చూసింది.

"ఆకలేస్తోందే. అన్నం అయిందా?"

"లేదక్కా" అన్నాను.